కర్నూలు హైవే ఛార్జర్ పావుగంటకే ఆగిపోతోందా? ముందు గన్ చూడండి

కర్నూలు హైవే మీది ఛార్జర్‌కు ఎలక్ట్రిక్ కారు పెడితే పావుగంటకే ఆగిపోతోందని ఒకరు అడిగారు. ఓవర్ టెంపరేచర్ (వేడి ఎక్కువైంది) అని ఛార్జర్ తెరమీదే వచ్చిందట, కారులో ఏ వార్నింగూ లేదట. అయితే బ్యాటరీని అనుమానించకండి. బ్యాటరీ వేడెక్కితే కారు మామూలుగా ఛార్జింగ్ స్పీడు తగ్గించుకుంటుంది. ఎక్కువగా తేడా గన్‌లోనే, అంటే కారు సాకెట్‌లో పెట్టే కేబుల్ కొసలోనే ఉంటుంది. సీసీఎస్2 (కార్ల ఫాస్ట్ ఛార్జింగ్‌కు వాడే ప్లగ్ రకం) గన్ పిన్నుల దగ్గర సెన్సర్లుంటాయి, 90 డిగ్రీల దరిదాపుల్లోకి పోతే ఛార్జర్ ఆపేస్తుంది.

1. ఆగగానే అదే గన్‌తో మళ్లీ స్టార్ట్ కొట్టొద్దు. పక్క గన్‌కు మారండి.

2. అందరూ వదిలేసేది కేబుల్ బరువు. కారు దూరంగా ఆపితే ఆ లావు కేబుల్ గన్‌ను కిందికి లాగుతుంది, పిన్ను ఒక పక్కే ఆనుతుంది, వేడంతా అక్కడే. దగ్గరగా ఆపండి. గన్ తిన్నగా చివరిదాకా నొక్కి, లాక్ టక్కుమనేదాకా చేత్తో ఎత్తి పట్టుకోండి. కేబుల్ నేలకు ఆనేట్టు వదులుగా ఉంచండి.

3. పిన్ను నల్లబడినా, ప్లాస్టిక్ కరిగినా ఆ గన్ ముట్టొద్దు, మీ కారు సాకెట్టూ పోతుంది. ఫొటో తీసి హెల్ప్‌లైన్‌కు పంపండి.

రెండు గన్‌లూ ఆగుతుంటే మాత్రం ఛార్జర్ ఫిల్టర్ దుమ్ముపట్టి ఉండొచ్చు, లేదా ఫ్యాన్ పోయుండొచ్చు. మన మే ఎండకు అది మామూలే. అది ఛార్జర్ నడిపేవాళ్లే చూసుకోవాలి.