వైఫై తెగితే జీతం కోయవచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేను ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. రెండు నెలలుగా ఆఫీసు లాప్‌టాప్‌లో వైఫై ఉన్నట్టుండి తెగిపోతోంది. రెండు మూడు నిమిషాలకు దానంతట అదే వస్తుంది. రోజుకు ఏడెనిమిది సార్లు ఇదే తంతు. పని గంటలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఆ సమయమంతా నేను సీట్లో లేనట్టు రాసుకుంటోంది. ఐటీ వాళ్లకు మూడుసార్లు నోటితో చెప్పాను, రీస్టార్ట్ చేసుకోమన్నారు. గత నెల జీతంలో రెండు రోజుల కోత పడింది. ఇప్పుడు లాప్‌టాప్‌ను నేనే పాడుచేశానని, మరమ్మతు ఖర్చు వచ్చే జీతంలో పట్టుకుంటామని, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మెమో ఇచ్చారు. సోమవారం లాప్‌టాప్ అప్పగించమన్నారు. చేరేటప్పుడు 'పరికరానికి పూర్తి బాధ్యత నాదే' అన్న కాగితం మీద సంతకం పెట్టాను. ఈ కోత చెల్లుతుందా? ఈలోపు డ్రైవర్ (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) నేనే మార్చి చూసుకోవచ్చా?

జవాబు: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అక్కడ తొందరపడితే మిగతా కేసంతా బలహీనపడుతుంది. డ్రైవర్ మార్చకండి. సెట్టింగులు ముట్టుకోకండి. లాప్‌టాప్ సంస్థది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో మార్పులు చేసి నష్టం కలిగించడం గురించి సమాచార సాంకేతిక చట్టం, 2000లోని సెక్షన్ 43 మాట్లాడుతుంది. ఒక డ్రైవర్ మార్చినందుకే మీ మీద కేసు నిలుస్తుందని నేను అనడం లేదు. కానీ 'పాడుచేశారు' అని ఇప్పటికే రాసిచ్చిన వాళ్ల చేతికి మీరే ఒక ఆధారం ఇచ్చినట్టవుతుంది. పైగా డ్రైవర్ మారగానే సమస్య పోయిందనుకోండి, అసలు తప్పు ఎక్కడుందో చూపించే జాడ కూడా దానితోపాటే పోవచ్చు. ఆఫీసు నెట్‌వర్క్‌లో తిరిగే డేటాను పట్టి చూసే సాఫ్ట్‌వేర్ కూడా వేయకండి. అందులో మీ సహోద్యోగుల సమాచారం కూడా ఉంటుంది.

ఇక కోత సంగతి. వేతనాల కోడ్, 2019 దేశంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. పాత వేతన చెల్లింపుల చట్టం, 1936 ఒక పరిమితి దాటని జీతగాళ్లకే వర్తించేది. కొత్త కోడ్‌లో జీతం చెల్లింపులకు, కోతలకు సంబంధించి ఆ పరిమితి లేదు. గుమాస్తా పని చేసేవారి నుంచి మేనేజర్ల దాకా దాని కిందికి వస్తారు. జీతంలోంచి ఏ ఏ కారణాలతో కోయవచ్చో సెక్షన్ 18 చెబుతుంది. అందులో లేని కారణంతో కోయడానికి వీల్లేదు. మీ సంస్థ పట్టుకోగలిగినవి రెండే: గైర్హాజరు, మీ అజాగ్రత్త వల్ల కలిగిన నష్టం.

గైర్హాజరు అంటే ఏమిటో సెక్షన్ 20 స్పష్టంగా చెప్పింది. ఉద్యోగ షరతుల ప్రకారం మీరు ఎక్కడ పనిచేయాలో ఆ స్థలంలో లేకపోవడం. అక్కడే ఉండి, సహేతుకం కాని కారణంతో పని చేయనని నిరాకరించినా గైర్హాజరుగానే లెక్క. మీరు ఆ రెండింటిలో దేనిలోనూ లేరు. కుర్చీలోనే ఉన్నారు, పని చేయడానికి సిద్ధంగా ఉన్నారు, సంస్థ ఇచ్చిన దారి తెగింది. సాఫ్ట్‌వేర్‌కు కనిపించేది లాప్‌టాప్ నుంచి వచ్చే సంకేతం మాత్రమే, మీరు కాదు. సంకేతం ఆగినంత మాత్రాన మనిషి లేచి వెళ్లినట్టు కాదని గట్టిగా రాయండి. మీ కేసుకు ప్రాణం ఈ వాక్యమే.

ఇంకో మాట. గైర్హాజరు కోత ఆ గైర్హాజరు సమయానికి తగిన నిష్పత్తిని మించకూడదు. మీరు చెప్పిన లెక్కనే ఎక్కువవైపు తీసుకుందాం: రోజుకు 8 సార్లు, ఒక్కోసారి 3 నిమిషాలు, అంటే 24 నిమిషాలు. నెలకు 25 పని దినాలనుకుంటే 600 నిమిషాలు, అంటే 10 గంటలు. రోజుకు 8 గంటల పని అయితే అది ఒకటింబావు రోజు. మరి రెండు రోజులు ఎలా కోశారు? వాళ్ల వాదనే ఒప్పుకున్నా లెక్క తప్పింది. ఏ రోజు ఎన్ని నిమిషాలు పట్టారో ఆ వివరం రాతపూర్వకంగా అడగండి.

రెండోది, మరమ్మతు ఖర్చు. ఇక్కడ నిజం నిజంగా చెప్పాలి. మీకు అప్పగించిన వస్తువు మీ అజాగ్రత్త వల్లే నేరుగా పాడైతే ఆ నష్టం మేరకు సంస్థ కోయవచ్చు. లాప్‌టాప్ కింద పడి, మూతలో ఉండే యాంటెనా తీగ దెబ్బతిన్నదని తేలితే నేను మీ పక్షాన పెద్దగా వాదించలేను. అలాంటిదేమైనా జరిగి ఉంటే సంజాయిషీలో దాచకండి. జరగకపోతే, అజాగ్రత్త మీదేనని చూపించాల్సింది సంస్థ. సెక్షన్ 21 ప్రకారం కోసే ముందు మీ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, మెమో అందుకే వచ్చింది. కాబట్టి దాన్ని బెదిరింపుగా చూడకండి, మీకు దొరికిన అవకాశంగా వాడుకోండి. చేరేటప్పుడు పెట్టిన సంతకం మాటకొస్తే, కోడ్ ప్రకారం మీకు రావలసిన సొమ్మును వదులుకుంటున్నట్టు రాసుకున్న ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఆ కాగితం ఉన్నా అజాగ్రత్తను రుజువు చేయాల్సిన పని వాళ్లకు తప్పదు.

మరి తప్పు ఎవరిదో తేలేది ఎలా? వైఫై ఎందుకు తెగుతోందన్న ప్రశ్నే ఇక్కడ న్యాయ ప్రశ్న కూడా. యంత్రాన్ని ముట్టుకోకుండానే మీరు చాలా గమనించవచ్చు. ఒక పుస్తకంలో తేదీ, తెగిన సమయం, తిరిగి వచ్చిన సమయం, కూర్చున్న చోటు రాయండి. అదే క్షణంలో పక్కవాళ్లకు కూడా పోయిందా? ఇది అన్నిటికంటే విలువైన గమనిక. ఒకే యాక్సెస్ పాయింట్ (వైఫై సంకేతం పంపే పెట్టె) మీద ఉన్నవాళ్లందరికీ ఒకేసారి పోతే మీ లాప్‌టాప్‌ను నిందించడానికి ఆస్కారమే ఉండదు. ఉదాహరణకు, వైఫై వాడే 5 గిగాహెర్ట్జ్ తరంగాల్లోని కొన్ని ఛానెళ్లను రాడార్లు కూడా వాడతాయి. రాడార్ సంకేతం తగిలిందంటే యాక్సెస్ పాయింట్ ఆ ఛానెల్ ఖాళీ చేసి తీరాలి, దాని మీద ఉన్న లాప్‌టాప్‌లు ఆ కాసేపు తెగిపోవచ్చు. ఛానెల్ ఎంపిక మీ చేతిలో ఉండదు కదా.

మీకొక్కరికే పోతోందా? అప్పుడు ఇంకా సూక్ష్మంగా చూడండి. ఛార్జర్ పెట్టినప్పుడు బాగుండి, బ్యాటరీ మీద ఉన్నప్పుడే తెగితే, కరెంటు ఆదా కోసం వైర్‌లెస్ కార్డును నిద్రపుచ్చే సెట్టింగ్‌ను అనుమానించాలి. మీటింగ్ గదికి వెళ్లి వచ్చాకే తెగితే, దూరమైన పాత యాక్సెస్ పాయింట్‌నే లాప్‌టాప్ పట్టుకుని వేలాడుతూ ఉండవచ్చు. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ గానీ హబ్ గానీ తగిలించినప్పుడే అయితే, వాటి నుంచి వెలువడే అలజడి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెడగొడుతుందన్నది తెలిసిన విషయమే. విండోస్ అప్‌డేట్ పడిన రోజు నుంచే మొదలైతే ఆ తేదీ తప్పక రాయండి. కొత్త డ్రైవర్‌ను వెనక్కి మార్చి చూడడం ఐటీ వాళ్లకు తెలిసిన పనే. ఐటీ వాళ్లు ఒప్పుకుంటే ఒక రోజు నెట్‌వర్క్ కేబుల్ పెట్టుకుని పనిచేయండి. కేబుల్ మీద ఒక్కసారి కూడా తెగకపోతే వేలు వైర్‌లెస్ వైపు చూపిస్తుంది. కేబుల్ మీద కూడా తెగితే తప్పు వైఫైది కాకపోవచ్చు, వీపీఎన్‌నో (ఆఫీసు నెట్‌వర్క్‌కు రక్షిత దారి వేసే సాఫ్ట్‌వేర్) బయటి ఇంటర్నెట్ లైన్‌నో చూడాలి.

ఇవన్నీ చాలావరకు సెట్టింగులు, ఏర్పాట్లు. వాటిని మార్చే అధికారం సంస్థ తన దగ్గరే ఉంచుకున్నప్పుడు, ఆ లోపాలకు మీ అజాగ్రత్త అని పేరు పెట్టడం న్యాయం కాదు. మీకు జరిగినదాంట్లో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే.

ఈ రోజే ఒక పని చేయండి, రేపటికి వాయిదా వేయకండి. ఐటీ విభాగానికి ఈమెయిల్ రాయండి. నోటిమాటగా చేసిన మూడు ఫిర్యాదుల తేదీలు, ఎవరికి చెప్పారు అన్నది అందులో గుర్తుచేయండి. విండోస్‌లో డబ్ల్యూలాన్ రిపోర్ట్ అని ఒకటి ఉంది. ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఏ కారణంతో తెగింది అన్నది అందులో వరుసగా కనిపిస్తుంది. మామూలుగా అది గడిచిన మూడు రోజులదే చూపిస్తుంది. తీయడానికి అడ్మినిస్ట్రేటర్ అధికారం కావాలి. అందుకే వాళ్లనే మీ ఎదుట తీయమని, ఒక కాపీ మీకు ఇవ్వమని, యాక్సెస్ పాయింట్ లాగ్‌లను (అది తనంతట తాను రాసుకునే రికార్డులను) చెరిపేయకుండా భద్రపరచమని అడగండి. వాళ్లు ఇవ్వకపోయినా, అడిగినట్టు ఉన్న ఆ ఈమెయిల్ మీకు పనికొస్తుంది. స్క్రీన్‌షాట్లు, లాగ్‌లు కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. ఇప్పుడే దాని గురించి కంగారు పడనక్కర్లేదు, అసలు ఫైళ్లు మార్చకుండా ఉంచితే చాలు.

సంజాయిషీ ఒక పేజీ దాటనివ్వకండి. ఇలా రాస్తే సరిపోతుంది: 'ఆ సమయాల్లో నేను నా స్థానంలోనే ఉన్నాను. కనెక్షన్ తెగడం గురించి ఫలానా తేదీల్లో తెలియజేశాను. లాప్‌టాప్‌ను నేను కింద పడేయలేదు, విప్పలేదు, సెట్టింగులు మార్చలేదు. లోపం ఏమిటో పరీక్షించిన నివేదిక ఉంటే దాని ప్రతి ఇప్పించండి. అది లేకుండా ఖర్చు నా మీద వేయడాన్ని అంగీకరించను. కోసిన జీతం తిరిగి చెల్లించండి.' హాజరు బయోమెట్రిక్ పద్ధతిలో ఉంటే ఆ వివరాలు కూడా అడగండి. మీరు భవనంలోనే ఉన్నారని వాళ్ల రికార్డే చెబుతుంది.

సంస్థ వినకపోతే కోడ్ సెక్షన్ 45 కింద నియమించిన అధికారికి దరఖాస్తు చేసుకోవచ్చు. గడువు మూడేళ్లు. కోసిన సొమ్ముతోపాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆయనకు ఉంది. అంత వస్తుందని ఆశపెట్టుకోకండి, అది గరిష్ఠం. పత్రాలు తెప్పించే విషయంలో ఆయనకు సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి, సంస్థ దాచిన లాగ్‌లు బయటికి వచ్చే దారి అదే. పైగా అనుమతి లేని కోత అని మీరు దావా వేస్తే, ఇవ్వాల్సింది ఇచ్చామని రుజువు చేసుకునే భారం యజమాని మీదే పడుతుంది.

సోమవారం లాప్‌టాప్ ఇచ్చేయండి, అడ్డు చెప్పకండి. ఇచ్చే ముందు నాలుగు వైపులా, మూత తెరిచి మూసి ఫోటోలు తీసుకోండి. సీరియల్ నంబరు, బయటికి దెబ్బలేమీ లేవన్న మాట, ఇచ్చిన తేదీ, సమయం రాసిన రసీదు మీద తీసుకున్నవారి సంతకం పెట్టించుకోండి. సంతకం పెట్టనంటే ఆ ఫోటోలతోనే, ఫలానా సమయానికి అప్పగించానని అప్పటికప్పుడు ఈమెయిల్ పంపి, దాని ప్రతి మీ సొంత ఫోన్‌లో ఉంచుకోండి.