లేహ్‌కి బండి మీద వెళ్లేవాళ్లకి: ముందు సెలవు లెక్క చూసుకోండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. నేనూ మా ఫ్రెండూ చెరో బుల్లెట్ 350 మీద జులైలో మనాలి మీదుగా లేహ్ వెళ్లాలనుకుంటున్నాం. సెలవు 12 రోజులు దొరికింది. ఇంటి నుంచే బండి నడుపుకుంటూ వెళ్లి రావాలని ప్లాన్. మనాలిలో పొద్దున బయల్దేరి ఆ రాత్రి సర్చూలో టెంట్‌లో పడుకుంటే మర్నాటికి లేహ్ చేరొచ్చని లెక్క వేసుకున్నాం. అదనంగా పెట్రోల్ ఎంత, ఆక్సిజన్ క్యాన్లు ఎన్ని పట్టుకెళ్లాలి?
- ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: పెట్రోల్ సంగతి తర్వాత చెప్తాను తమ్ముడూ, ముందు మీ ప్లాన్‌లోంచి ఆ సర్చూ రాత్రి తీసేయండి.

మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తు, సర్చూ దాదాపు 4,300. 2020 అక్టోబరులో అటల్ టన్నెల్ తెరిచాక రోహ్తాంగ్ కనుమ ఎక్కి దిగే పని తప్పింది కాబట్టి సాయంత్రానికల్లా సర్చూ చేరిపోవచ్చు, అదే ఇప్పుడు చాలామందికి చేటు చేస్తోంది. ఒక్క పగటిలో అంత ఎత్తు ఎక్కితే ఒంటికి అలవాటు పడే టైమే ఉండదు. కొన్నేళ్ల కిందట మేమూ సరిగ్గా ఇదే చేశాం. రాత్రి ఎనిమిదింటికి నాతో వచ్చినాయనకి తలనొప్పి పట్టుకుంది, అన్నం వాసన పడలేదు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, తెల్లారి చూస్తే బూటు లేసు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు, ముడి వేయడం రావట్లేదు. వెంటనే కిందికి దించాలి. కానీ సర్చూ నుంచి మనాలి వైపు తిరగాలంటే 4,890 మీటర్ల బారాలాచా లా (లా అంటే కనుమ) ఎక్కాలి, లేహ్ వైపు పోదామంటే 5,000 దాటిన లాచుంగ్ లా ఉంది. ఎటు వెళ్లినా ముందు ఎక్కడమే. దారిన పోయే టాక్సీ ఆపి మనాలి వైపున్న కీలాంగ్ చేర్చేదాకా నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. దేవుడి దయ వల్ల కిందికి దిగాక కోలుకున్నాడు.

కాబట్టి కీలాంగ్‌లో గానీ జిస్పాలో గానీ రెండు రాత్రులు పడుకోండి, రెండూ 3,000 పైచిలుకు మీటర్లే. మూడో రోజు చీకటితోనే బయల్దేరితే వాగులు పొద్దున్నే దాటేస్తారు, ఎందుకంటే ఎండెక్కి మంచు కరిగేకొద్దీ మధ్యాహ్నానికి నీళ్లు పెరుగుతాయి. నన్నడిగితే మాత్రం వెళ్లేటప్పుడు శ్రీనగర్, కార్గిల్ మీదుగా వెళ్లి, వచ్చేటప్పుడు మనాలి వైపు దిగడం మంచిది. జోజి లా 3,528 మీటర్లే, కార్గిల్‌లో పడుకునేది 2,700 దగ్గర. మెల్లగా ఎక్కుతారు.

దీనికి 12 రోజులు చాలవు. ఢిల్లీ పోను మూడు, రాను మూడు, సగం సెలవు హైవే మీదే పోతుంది. బండ్లు సికింద్రాబాద్ పార్సిల్ ఆఫీసులో ఇచ్చి రైల్లో ఢిల్లీకి వేయండి: ట్యాంకులో పెట్రోల్ మొత్తం తీసేయాలి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు ఉండాలి, గోనెపట్టా గట్టిగా చుట్టించాలి. అలా చేసినా 16 రోజులు కావాలి. సెలవు పెరగకపోతే విమానంలో లేహ్ వెళ్లి రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా పడుకుని, అక్కడే బండి అద్దెకు తీసుకోండి. సొంత బండి ముచ్చట ఇంకో ఏడాది తీర్చుకోవచ్చు. నెల కూడా మార్చగలిగితే సెప్టెంబరు మొదట్లో వెళ్లండి, హిమాచల్‌లో వానలూ కొండచరియలూ జులైకన్నా తగ్గుతాయి.

ఇక పెట్రోల్. కీలాంగ్‌కి కాస్త ముందు వచ్చే టాండీ బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరమని పెద్ద బోర్డు ఉండేది. ఇప్పుడు లేహ్‌కి ముందు కారూలోనూ బంకు ఉంది, కానీ దాన్ని నమ్ముకుని వెళ్లకండి. మీ ట్యాంకు 13 లీటర్లు, ఎక్కుడులో లీటరుకి 28 వస్తుందనుకుని లెక్క వేసుకోండి. టాండీలో నిండా కొట్టించి, బండికో అయిదు లీటర్ల క్యాను సైలెన్సర్‌కి దూరంగా కట్టుకుంటే సరిపోతుంది. ఎత్తుకి పోయాక క్యాను మూత మెల్లగా తిప్పండి, లోపల ఆవిరి బిగిసి ఉంటుంది, ఒక్కసారి తెరిస్తే మొహాన చిమ్ముతుంది.

ఆక్సిజన్ చిన్న క్యాన్లు కొన్ని నిమిషాలకే అయిపోతాయి, వాటి ధైర్యంతో పైకి ఎక్కొద్దు. ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర డాక్టర్‌ని అడిగి వేసుకోండి, సల్ఫా మందులు పడవంటే ముందే చెప్పండి. కూర్చున్నా ఆయాసం, నడకలో తూలడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దామనుకోకుండా దిగిపోవాలి.

స్పేర్ క్లచ్ కేబుల్‌ని బ్యాగులో పెట్టకండి. పాతదాని పక్కనే పైనుంచి కిందిదాకా వేసి టేపు చుట్టించండి, తెగితే రెండు కొసలు మార్చుకుంటే చాలు. మీవి ట్యూబు టైర్లు కాబట్టి వెనక చక్రం విప్పి ట్యూబు మార్చడం మీ మెకానిక్ ముందు కూర్చుని మీ చేతులతో రెండుసార్లు చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి ఆగస్టులో లేహ్ వెళ్తున్నాడు. ఫోన్ కలవదంటున్నారు, నాకు నిద్ర పట్టట్లేదు.
- ఓ తల్లి, విజయనగరం

జవాబు: మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదమ్మా, వెళ్లేలోపే పోస్ట్‌పెయిడ్‌కి మార్పించండి. అయినా జిస్పా దాటాక లేహ్ దగ్గరపడేదాకా చాలా దూరం సిగ్నల్ ఉండదు. అందుకని బాబుని జిస్పాలో బయల్దేరే ముందు ఒకసారి ఫోన్ చేయమనండి, ఆ రోజు ఎక్కడ పడుకుంటాడో అడిగి రాసుకోండి. దారి మూసేస్తే ఒక రాత్రి మధ్యలో ఆగిపోవడం అక్కడ మామూలే, మర్నాడు సాయంత్రం దాకా ఫోన్ రాకపోయినా కంగారు పడకండి. పై జవాబు మాత్రం బాబుకి చదివి వినిపించండి.