టెక్ సందేహాలు: చెయ్యి అడ్డొస్తే మొహం ఎందుకు చెదురుతుంది?

ప్రశ్న: చేపల పులుసు మొదటి ముద్ద తిన్నప్పుడు మొహం ఎలా మారుతుందో 15 సెకన్ల రియాక్షన్ వీడియోలు చేస్తున్నాం. తినేది నేను, సాఫ్ట్‌వేర్‌తో నా మొహం మీద పెట్టేది మాత్రం మా బావ మొహం. తనకూ ఇష్టమే. ముద్ద నోటి దగ్గరికి రాగానే వేళ్ళు కరిగిపోయినట్టు కనిపిస్తున్నాయి. మధ్యలో ఒక్క క్షణం నా అసలు మొహం తళుక్కుమంటోంది. ఏందో అర్థం కావడం లేదు.
— ఒక డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: ఇవి రెండు వేర్వేరు లోపాలు. ఒకదానికి వేసే మందు రెండోదానికి పనిచేయదు.

మొహం మార్చే సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేములోనూ ముందు మొహం ఎక్కడుందో వెతుకుతుంది. కళ్ళు, ముక్కు, నోటి మూలలు గుర్తుపట్టి దాన్ని నిటారుగా సరిచేసుకుంటుంది. మీ బావ ఫోటోలోంచి తీసుకున్న పోలికలతో కొత్త మొహం గీసి, మళ్ళీ అదే చోట అతికిస్తుంది. ఆ చోటికి అడ్డంగా చెయ్యి ఉందన్న సంగతి దానంతట దానికి పట్టదు. వేళ్ళ మీదే చెంపా పెదవీ పరిచేస్తుంది, అందుకే కరిగినట్టు కనిపిస్తాయి. ఫేస్‌ఫ్యూజన్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, కొత్త మొహం ఎంతమేర అతకాలో చెప్పే మాస్క్ రకాల్లో మామూలుగా 'బాక్స్' ఒక్కటే ఎంచి ఉంటుంది. దాంతోపాటు 'అక్లూజన్' కూడా టిక్ పెట్టండి. అడ్డొచ్చిన వస్తువును అది విడిగా గుర్తుపట్టి, అంతమేరా అతికించడం మానేస్తుంది.

అయితే చెయ్యి వేగంగా కదిలి మసకబారితే ఆ మాస్క్ కూడా తడబడుతుంది. ముద్దను ఎదురుగా కాకుండా గడ్డం కిందినుంచి, నెమ్మదిగా నోటికి తీసుకెళ్ళండి.

ఇక మీ మొహం తళుక్కుమనడం. చెయ్యి సగం మొహాన్ని కప్పేసరికి, ఇది మొహమేనన్న నమ్మకం సాఫ్ట్‌వేర్‌కు తగ్గిపోతుంది. ఆ స్కోరు హద్దు మామూలుగా 0.5 ఉంటుంది. అంతకన్నా తగ్గిన ఫ్రేమును అది ముట్టుకోదు, అక్కడ మీరే కనిపిస్తారు. హద్దును 0.35 దాకా దించి చూడండి. మరీ దించితే గోడమీది క్యాలెండర్‌లో దేవుడి పటాన్ని కూడా మొహంగా పట్టుకుంటుంది. అలా జరగకుండా 'రిఫరెన్స్' పద్ధతి ఎంచుకుని, మార్చాల్సింది మీ మొహం ఒక్కటేనని చూపించండి. షూటింగ్‌కు ముందు క్యాలెండర్ తీసేస్తే మరీ మంచిది.

మా సలహా అడిగితే, చెయ్యి కనిపించే షాటులో అసలు స్వాప్ (మొహం మార్పు) చేయకండి. కంచం, పులుసులో మామిడికాయ ముక్క, ముద్ద కలిపే వేళ్ళు ఒక షాటు. అందులో మొహం ఉండదు. రెండో షాటు ముద్ద నోట్లో పడ్డాక మొదలవ్వాలి. చూసేవాళ్ళు ఎదురుచూసేది ఆ పులుపు తగిలాక వచ్చే రెండు సెకన్ల కోసమే, అక్కడ చేతితో పనే లేదు.

ఆ రెండు సెకన్లూ మీవే. పగటివేషగాడికి రంగు ఎంత బాగా కుదిరినా అభినయం తనదే కదా. ఇక్కడా ఫోటోలోంచి పోలికలే వస్తాయి, భావం మొత్తం మీ మొహంలోంచే రావాలి. యంత్రం దాన్ని కొంత మెత్తబరుస్తుంది కాబట్టి కనుబొమలు, కళ్ళు మామూలుకన్నా ఒక పాలు ఎక్కువగా కదిలించండి. నాలుక బయట పెట్టడం, బుగ్గలు పూరించడం సరిగ్గా రావు. వాటి జోలికి పోవద్దు.

ప్రశ్న: మొహం మార్చాక, దగ్గరగా ఉన్న షాట్లలో మసకగా వస్తోంది. మొహాన్ని స్పష్టం చేసే ఎన్‌హాన్సర్ వేస్తే ప్లాస్టిక్ బొమ్మలా నున్నగా అయిపోతోంది. పైగా రాత్రిపూట తీసిన వీడియోల్లో మొహం మిణుకుమిణుకుమంటోంది.
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: చాలామంది వాడే ఇన్‌స్వాపర్ 128 మోడల్ పేరులోనే మీ జవాబు ఉంది. అది మొహాన్ని 128 పిక్సెళ్ళ వెడల్పు, 128 పిక్సెళ్ళ ఎత్తు ఉన్న చిన్న చతురస్రంలోనే గీస్తుంది. నిలువు వీడియో వెడల్పు 1080 పిక్సెళ్ళు. అందులో మీ మొహం 600 పిక్సెళ్ళుంటే, ఆ చిన్న బొమ్మను దాదాపు ఐదింతలు సాగదీయాలి. మసక అక్కడే పుడుతుంది. ఫోన్‌ను కాస్త వెనక్కి జరిపి, మొహం ఫ్రేము వెడల్పులో మూడో వంతు, అంటే 360 పిక్సెళ్ళ దగ్గర ఉండేలా తీయండి. 'పిక్సెల్ బూస్ట్' అన్న సదుపాయం ఉంటే 256 పెట్టండి. ఎన్‌హాన్సర్‌ను నూటికి నూరు పాళ్ళు వేస్తే చర్మం గరుకు మొత్తం తుడిచేస్తుంది. 50 నుంచి 60 మధ్య ఆపండి.

ఫోటో కూడా చూసుకోవాలి. ఎదురుగా చూస్తూ, నోరు మూసి, కళ్ళజోడు లేకుండా, రెండు చెంపలమీదా ఒకేలా వెలుగు పడినది కావాలి. ఒకటికి బదులు మూడు నాలుగు ఫోటోలిస్తే పోలిక నిలకడగా వస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నలిగిపోయి ఉంటుంది, డాక్యుమెంటుగా పంపించుకోండి.

మిణుకు ట్యూబ్‌లైటుది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి దీపం సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ వేగం 1/50 లేదా 1/100 పెడితే ప్రతి ఫ్రేములోనూ వెలుగు సమానంగా పడుతుంది. పగలు కిటికీ పక్కన కూర్చుంటే ఈ బాధే ఉండదు.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్. చిన్న వీడియోకే గంట పడుతోంది. తీరా అయ్యాక మాట, పెదవులు కలవడం లేదు.
— ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: ముందు వీడియోను కత్తిరించండి, ఆ తర్వాతే స్వాప్. 12 సెకన్లు, సెకనుకు 30 ఫ్రేములంటే 360 ఫ్రేములు. ఫ్రేముకు 2 సెకన్లు పట్టినా 12 నిమిషాలు. 60 ఫ్రేములతో తీస్తే అది రెట్టింపు. కష్టమైన చోటు 2 సెకన్లు మాత్రం ముందు నడిపి చూసుకోండి. మాట తప్పడానికి కారణం, ఫోన్లు ఫ్రేముల వేగాన్ని వెలుగును బట్టి మార్చుకుంటూ తీస్తాయి. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' 30 ఎంచి మార్చుకున్నాకే స్వాప్‌కు ఇవ్వండి. ఇంటర్నెట్‌లో గూగుల్ కంప్యూటర్లను వాడుకోనిచ్చే కొలాబ్ ఉచితమని అటు వెళ్ళకండి, డీప్‌ఫేకులు (ఇలా ఏఐతో మొహం మార్చిన వీడియోలు) చేయడం అక్కడ నిషేధం.

ప్రశ్న: చిన్నబజారులో బట్టల కొట్టు మాది. చిరంజీవి గారి మొహంతో మా చీరలు చూసి ఆశ్చర్యపోయినట్టు వీడియో చేయిద్దామనుకుంటున్నాం. పర్వాలేదా?
— ఒక వ్యాపారి, నెల్లూరు

జవాబు: వద్దండీ. ఏఐతో సహా తన పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని 2025 సెప్టెంబరులో చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. అదే నెలలో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి తెచ్చుకున్నారు. పైగా ఇన్‌స్వాపర్ మోడల్‌ను వ్యాపారానికి వాడటానికి దాని లైసెన్సే ఒప్పుకోదు. మీ కొట్లో పనిచేసేవాళ్ళో, రోజూ వచ్చే ఖాతాదార్లో అసలు మొహంతో కనిపిస్తే చాలు. నెల్లూరులో వాళ్ళను చూసి నమ్మేవాళ్ళే ఎక్కువ.

సొంత సరదా వీడియోలకైనా ఎవరి మొహం వాడుతున్నారో వాళ్ళచేత ఒప్పుకున్నట్టు మెసేజ్ తీసుకుని దాచుకోండి. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు మార్చిన కంటెంట్ అన్న ప్రశ్నకు 'అవును' అనే చెప్పండి.

ప్రశ్న: మా చెల్లి మొహాన్ని ఎవరో అసభ్య వీడియోకు అతికించి గ్రూపుల్లో తిప్పుతున్నారు. ఏం చేయాలి?
— ఒక అక్క, సింగరాయకొండ

జవాబు: మీ చెల్లి తప్పు ఇందులో లేశమూ లేదు, ముందు ఆ మాట తనకు చెప్పండి. భయపడి ఏదీ డిలీట్ చేయకండి. వీడియో లింకు, పెట్టినవాళ్ళ ఖాతా పేరు లేదా నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. దాన్ని ఎవరికీ, సాక్ష్యం కోసమని బంధువులకు కూడా, ఫార్వర్డ్ చేయొద్దు. ఆ వేదికలోనే రిపోర్టు కొట్టండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లల విభాగంలో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. కానీ నిందితుణ్ణి పట్టుకోవాలంటే పేరుతో ఇచ్చి, ఆ ఫిర్యాదు నంబరుతో పోలీస్ స్టేషన్‌కు వెళ్ళడమే మేలు. తనకు 18 ఏళ్ళు నిండి ఉంటే స్టాప్ఎన్‌సీఐఐ డాట్ ఆర్గ్ కూడా వాడండి. వీడియో మీ ఫోన్ దాటి వెళ్ళదు, దాని వేలిముద్ర లాంటి ఒక కోడ్ మాత్రమే అందులో చేరిన కంపెనీలకు వెళ్తుంది. ఆ వీడియోను మళ్ళీ ఎవరైనా అక్కడ పెట్టబోతే గుర్తుపట్టి ఆపడానికి అది పనికొస్తుంది.