మందుల ధరలు: చర్చలా, బేరమా?

సందేహం: అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా 'మెడికేర్'లో మందుల ధరల గురించి ఒకరు 'చర్చలు' అని, ఇంకొకరు 'బేరసారాలు' అని, మరొకరు 'ధరల నియంత్రణ' అని రాస్తున్నారు. ప్రభుత్వం చేసే పనిని 'బేరం' అంటే చిన్నతనంగా ఉండదా? ఏది వాడాలి?

సమాధానం: చిన్నతనం ఏమీ లేదు. 'బేరమాడటం' అనే రాయండి. చర్చలు దేనిమీదైనా జరుగుతాయి, ఏదీ తేలకుండా ముగిసిపోతాయి కూడా. బేరం అనగానే కొనేవాడు, అమ్మేవాడు, మధ్యలో ధర కనిపిస్తాయి. మెడికేర్‌లో మందుల పథకం తెచ్చిన 2003 చట్టమే, ధరల మీద ప్రభుత్వం కంపెనీలతో బేరమాడకూడదని కట్టడి చేసింది. దీన్ని 'చర్చలు జరపకూడదు' అని రాస్తే పాఠకుడికి అసలు సంగతి అందదు. వృద్ధుల మందులకు డబ్బు పెడుతున్న ప్రభుత్వానికి 'కాస్త తగ్గించు' అని అడిగే వీలే లేకపోయింది! 2022 చట్టం ఆ అడ్డు కొంత తొలగించింది. తొలి విడతలో 10 మందులకు బేరం తెగింది. షుగర్ మందు జనూవియాకు నెలకు 527 డాలర్లుగా ఉన్న కంపెనీ ధర 113కు దిగింది. ఈ ధరలు 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

'బేరసారాలు' తప్పు కాదు. కానీ ఎమ్మెల్యేల ఫిరాయింపు వార్తల్లో నలిగి, చాటుమాటు వ్యవహారమనే వాసన దానికి అంటుకుంది. ఇక్కడ వద్దంటాను.

'నియంత్రణ' విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అది ఒక పక్షం మాట. 2023లో కోర్టుకెళ్లిన మెర్క్ కంపెనీ, ఇది బేరమే కాదని వాదించింది. ఆ వాదనను కొట్టిపారేయలేం. కుదరకపోతే లేచి వెళ్లిపోయే వీలు ఇద్దరికీ ఉంటేనే మన వాడుకలో అది బేరం. ఇక్కడ ఒప్పుకోని కంపెనీకి ఆ మందు అమ్మకాలపై 95 శాతం దాకా పన్ను పడుతుంది. అది తప్పాలంటే మెడికేర్, పేదల ఆరోగ్య బీమా మెడికెయిడ్ రెండింటి నుంచీ తన మందులన్నీ వెనక్కి తీసుకోవాలి. ప్రభుత్వం మాత్రం, చేరడం కంపెనీల ఇష్టమేనంటోంది. అందుకని 'నియంత్రణ' అని రాసేటప్పుడు 'కంపెనీల మాటలో' అని చేర్చండి. మన దేశంలో 2013 నాటి మందుల ధరల ఉత్తర్వు కింద జరిగేది వేరు. అక్కడ అత్యావశ్యక మందులకు గరిష్ఠ ధరను ప్రభుత్వ సంస్థే లెక్కగట్టి ప్రకటిస్తుంది, అడగడాలు తగ్గించడాలు ఉండవు. దాన్ని నియంత్రణ అనడమే సరి.

మరొక మాట. ఖరారైన ధరకు అమెరికా చట్టం పెట్టిన పేరును 'గరిష్ఠ న్యాయ ధర' అని తెలుగులోకి తేవద్దు. అది న్యాయమా కాదా అన్నదే తగాదా కాబట్టి, వార్తలో 'మెడికేర్ ఖరారు చేసిన ధర' అంటే చాలు.