కాన్ఫెడరేషన్స్ కప్‌ని ఎందుకు ఆపేశారు? అది నిజంగా అక్కర్లేని టోర్నీయేనా?

ఫుట్‌బాల్ కాన్ఫెడరేషన్స్ కప్‌ని ఎందుకు ఆపేశారు, 10-0 లాంటి మ్యాచ్‌లు జరిగే టోర్నీ వల్ల ఎవరికి లాభం అని మీరు అడిగారు. ఆపడానికి కారణాలున్నాయి, చెప్తాను. లాభం లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా వీధి టీమ్‌కి పన్నెండేళ్లు గోలీగా ఆడాను. వరసగా గోల్స్ పడుతుంటే గోల్ ముందు నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ముందు ఆ టోర్నీ ఏమిటో మా ఊరి పద్ధతిలో చెప్తాను. మా గజపతి జిల్లాలో కోతలయ్యాక కొండ ఊళ్లలో ఫుట్‌బాల్ పోటీలు పెడతారు. గెలిచినవాళ్లకి ఖాసీ ఇస్తారు, అంటే మేకపోతు. మేం వెళ్లే ఊళ్లో ఒక్కో పంచాయతీ నుంచి గెలిచిన టీమ్ ఒకటి వచ్చేది. వాటితో పాటు పోటీ పెట్టిన ఊరి టీమ్, పోయినేడు గెలిచిన టీమ్ ఆడేవి. కాన్ఫెడరేషన్స్ కప్ కూడా అచ్చం ఇంతే. ఆరు ఖండాల విజేతలు, ఆతిథ్య దేశం, ప్రపంచ కప్ విజేత కలిపి ఎనిమిది జట్లు, 16 మ్యాచ్‌లు. 1992లో సౌదీ అరేబియాలో కింగ్ ఫహద్ కప్ పేరుతో నాలుగు జట్లతో మొదలైంది, 1997 నుంచి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా చేతిలోకి వచ్చింది. 2005 నుంచి ప్రపంచ కప్‌కి ఏడాది ముందు, అదే దేశంలో జరిపారు. స్టేడియాలు, ఏర్పాట్లు సరిచూసుకోవడానికి అది రిహార్సల్ లాంటిది. బ్రెజిల్ నాలుగుసార్లు, ఫ్రాన్స్ రెండుసార్లు గెలిచాయి.

నాకు మాత్రం ఈ టోర్నీ అంటే 2013, అందులోనూ తాహితీ. పసిఫిక్ సముద్రంలో చిన్న ద్వీపం, ఓషియానియా విజేతగా బ్రెజిల్‌కి ఆడటానికి వచ్చింది. జట్టులో మరామా వాహిరువా ఒక్కడే ప్రొఫెషనల్, మిగతావాళ్లు ఔత్సాహికులు. నైజీరియాతో వాళ్ల మొదటి మ్యాచ్ మనకి అర్ధరాత్రి దాటాక 12.30కి. ఉక్కపోత, పైగా కరెంటు పోతుందేమోనని టెన్షన్. మా బావ ఇంట్లో ఆరుగురం టీవీ ముందు కూర్చున్నాం. అప్పటికే తాహితీ 3-0తో వెనకబడింది. రెండో సగంలో కార్నర్ వచ్చింది, తాహితీ ఆటగాడు జొనాథన్ తెహావు గాల్లోకి లేచి తలతో కొట్టాడు, గోల్! వాళ్లంతా వరసగా మోకాళ్ల మీద కూర్చుని పడవలో తెడ్లు వేస్తున్నట్టు చేతులు ఊపారు. మేం అరిచిన అరుపుకి పక్కింటి ఒడియావాళ్లు దొంగలు పడ్డారనుకుని లైట్లు వేశారు. చివరికి 6-1తో ఓడిపోయారు, అందులో ఒకటి పాపం తెహావుకే తగిలి పడిన సెల్ఫ్ గోల్. అయినా ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు.

తర్వాతి మ్యాచ్ మరకానాలో, ప్రపంచ విజేత స్పెయిన్‌తో. 10-0. ఫెర్నాండో టోరెస్ నాలుగు కొట్టాడు. కానీ అతను ఒక పెనాల్టీని బార్‌కి కొట్టినప్పుడు స్టేడియం మొత్తం గోల్ పడినంత సంబరపడింది. బ్రెజిల్ జనం ఆ మ్యాచ్ అంతా తాహితీ వైపే ఉన్నారు. ఉరుగ్వేతో 8-0 అయ్యాక తాహితీ ఆటగాళ్లు బ్రెజిల్‌కి థాంక్స్ చెబుతూ బ్యానర్ పట్టుకుని మైదానంలో నడిచారు. మూడు మ్యాచ్‌ల్లో 24 గోల్స్ పడ్డ జట్టు అది. ఫైనల్లో బ్రెజిల్ 3-0తో స్పెయిన్‌ని ఓడించింది, గొప్ప మ్యాచ్. అయినా మా వీధిలో ఎవరినడిగినా ముందు ఆ పడవ గురించే చెప్తారు.

ఆ సంక్రాంతి తర్వాత మేం కొండ మీద ఆడటానికి వెళ్లాం. అక్కడి సవర కుర్రాళ్లు ఉత్తి కాళ్లతోనే గాలిలా పరిగెడతారు. నాకు ఏడు గోల్స్ పడ్డాయి. చివర్లో మావాళ్లు ఒకటి కొట్టారు. కొట్టినవాడు వెంటనే మోకాళ్ల మీద కూర్చున్నాడు, వెనక మిగతావాళ్లు కూర్చుని తెడ్లు వేశారు. తర్వాతి మ్యాచ్‌లో ఆ ఊరి కుర్రాళ్లు గోల్ కొట్టి వాళ్లూ అదే చేశారు. వాళ్లలో చాలామంది తాహితీ పేరు కూడా విని ఉండరు.

ఇక ఎందుకు ఆపేశారంటే, ముఖ్యంగా క్యాలెండర్. యూరప్ సీజన్ అయిపోయి ఆటగాళ్లు అలసిపోయిన జూన్‌లో ఇది వచ్చేది, క్లబ్బులకి ఇష్టం ఉండేది కాదు. 1997లో జర్మనీ, 1999లో ఫ్రాన్స్ రామనేశాయి. 2003లో లియోన్‌లో సెమీఫైనల్ ఆడుతూ కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫో మైదానంలో కుప్పకూలి చనిపోయాడు. అతనికి 28 ఏళ్లే. కారణం గుండె జబ్బని తేలింది, అయినా ఇన్ని మ్యాచ్‌లు అవసరమా అన్న ప్రశ్న అప్పుడు గట్టిగా వచ్చింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2022 ప్రపంచ కప్ ఖతర్‌లో కాబట్టి 2021లో ఇదీ అక్కడే జరగాలి, ఆ ఎండల్లో జూన్‌లో ఆడించడం కుదరదు. చివరికి 2019లో ఫిఫా దీన్ని తీసేసి, పెద్ద క్లబ్ ప్రపంచ కప్ వైపు వెళ్లింది. అలా 2017లో రష్యాలో జర్మనీ 1-0తో చిలీని ఓడించిన ఫైనలే ఆఖరిదైంది.

కొత్త క్లబ్ ప్రపంచ కప్‌లోనూ చిన్నవాళ్లు ఉన్నారు కదా అంటారు. నిజమే. 2025లో న్యూజీలాండ్ క్లబ్ ఆక్లాండ్ సిటీ జర్మనీ క్లబ్ బయర్న్ చేతిలో 10-0తో ఓడింది, తర్వాత అర్జెంటీనా క్లబ్ బోకా జూనియర్స్‌తో 1-1 డ్రా చేసింది. ఆ గోల్ కొట్టిన క్రిస్టియన్ గ్రే టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నవాడు. చూసి నాకు కళ్లు చెమర్చాయి. కానీ అది క్లబ్. ఒక దేశం తన జెర్సీ వేసుకుని, ఖండం విజేతగా వచ్చి నిలబడటం వేరు. యూరప్, దక్షిణ అమెరికా విజేతలు తలపడటానికి ఫైనలిస్సిమా అనే మ్యాచ్ ఉంది, 2022లో అర్జెంటీనా 3-0తో ఇటలీని ఓడించింది. మిగతా నాలుగు ఖండాలకి అలాంటిది లేదు. నా బాధ అదే.

మీరు అడిగిన 10-0 గురించి ఇంకొక్క మాట. 2022 అక్టోబర్ 11న అండర్-17 మహిళల ప్రపంచ కప్‌లో భారత్, అమెరికా మ్యాచ్‌కి మా అన్నయ్య కూతురిని భువనేశ్వర్ కళింగ స్టేడియానికి తీసుకెళ్లాను. తనకి పదేళ్లు, స్కూల్లో ఆడుతుంది. మనవాళ్లు 8-0తో ఓడిపోయారు. ఏడుస్తుందేమో, ఆట మానేస్తానంటుందేమో అని భయపడ్డాను. బయటికి వస్తూ నా చెయ్యి పట్టుకుని, "చిన్నాన్నా, వీళ్లు మళ్లీ ఎప్పుడు ఆడతారు?" అని అడిగింది. 14న మొరాకోతో అని చెప్పాను. "అయితే అప్పటిదాకా ఇక్కడే ఉందాం" అంది.