అగ్రబీస్ వెళ్తున్న మేనకోడలికి

చిట్టీ,

పెళ్లిరోజుకి మీరిద్దరూ దక్షిణాఫ్రికాలో అగ్రబీస్ జలపాతం దగ్గర పెద్ద లాడ్జి బుక్ చేశారని వదిన ఫోన్లో చెప్పింది. "అంత డబ్బు పోసి ఎడారికా!" అని తన గోల. నాకు మాత్రం భలే గర్వంగా అనిపించింది. జొహన్నెస్‌బర్గ్‌లో ఉన్న రోజుల్లో మేమూ వెళ్లాం కదా, అందుకే టెన్షన్ కూడా మొదలైంది.

డిసెంబరులో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నాలు గది వదలకండి. అపింగ్టన్ దాకా విమానం, తర్వాత కారులో 120 కిలోమీటర్లు. మనలాగే ఎడమవైపే నడపాలి. దారిలో కకమాస్ అనే ఊళ్లో పెట్రోలు నింపుకోండి. చీకటి పడ్డాక రోడ్డెక్కకండి, జింకలు అడ్డం వస్తాయి.

ఇక అసలు సంగతి. జలపాతం దగ్గర రెయిలింగ్ దాటకండి. మీ మావయ్య దాటారు. ఫొటోలో జలపాతం పూర్తిగా రావట్లేదట! ఆ గ్రానైటు యుగాల తరబడి వరదలకి అరిగి నున్నబడిపోయింది. పొడిగానే కనిపిస్తుంది, తుంపర పడిన చోట మాత్రం సబ్బు రాసినట్టే. ఆయన కాళ్లకేమో ఆఫీసు బూట్లు. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను, ఆ హోరులో నా మాట నాకే వినపడలేదు. చూస్తుండగానే కూర్చున్నట్టుగా జారిపోయారు. రాతి పగులులో మడమ ఇరుక్కుని ఆగారు కాబట్టి సరిపోయింది. కింద 56 మీటర్ల లోతు. కాపలా మనిషి బోర్లా పడుకుని చెయ్యి అందించి లాగాడు. పైకొచ్చాక ఈయన అన్న మొదటి మాట "కెమెరా పోయిందే" అని. ఆ రాత్రి లాడ్జిలో వెండి గిన్నెల్లో ఏమేం వడ్డించారో నాకు గుర్తులేదు. నేను ముట్టలేదు, ఆయనతో మాట్లాడనూ లేదు.

మీ ఆయన సెల్ఫీల పిచ్చి పెళ్లిలోనే చూశాను. చెయ్యి పట్టుకునే ఉండు, సిగ్గుపడకు.

ఇంకోటి, ఎడారి ఆకాశాన్ని నమ్మొద్దు. ఆరెంజ్ నది లెసోతో కొండల్లో పుడుతుంది. అక్కడెక్కడో కురిసిన వాన రోజుల తర్వాత ఇక్కడికి వరదై వస్తుంది, నెత్తిన మబ్బు తునక కూడా ఉండదు. నది ఒడ్డున కాళ్లు తడుపుకోవాలన్నా ముందు లాడ్జివాళ్లని అడుగు.

ఇంత భయపెట్టానని మానేస్తావేమో, మానకు తల్లీ. గదిలోని చిన్న ఈతకొలనులోనే గడిపేయకుండా తెల్లారకముందే లేచి జలపాతానికి వెళ్లండి, సాయంత్రం మూన్ రాక్ అనే పెద్ద బండ ఎక్కండి. పట్టున్న బూట్లు వేసుకోవాలి సుమా. కొమ్మల చివర గుత్తులుగా ఆకులుండే క్వివర్ చెట్లు కనిపిస్తాయి. పూర్వం అక్కడి ఆదివాసులైన శాన్ జనం ఆ కొమ్మల్ని తొలిచి అమ్ములపొదులు (ఇంగ్లీషులో క్వివర్) చేసుకునేవారట.

నది పొడుగునా ద్రాక్షతోటలే. అక్కడి కిస్మిస్ అర కేజీ తీసుకురా. మీ మావయ్యకి షుగర్ వచ్చింది, కిస్మిస్ సంగతి ఆయనకి మాత్రం చెప్పకు.

మీ అత్త