ట్రైనీ ప్రొబేషన్ ఆఫీసర్లు మధ్యలోనే మానేస్తున్నారు, ఎలా ఆపాలి?

కేసులు తగ్గించే వీలు లేదు, ట్రైనీలేమో శిక్షణ పూర్తికాకుండానే వెళ్లిపోతున్నారు, ఏం చేయాలని అడిగారు. (ప్రొబేషన్ అంటే నేరం చేసినవాణ్ని జైల్లో పెట్టకుండా కోర్టు షరతులతో బయట ఉంచడం; ఆ షరతులు పాటిస్తున్నాడో లేదో చూసేది ప్రొబేషన్ ఆఫీసర్.) కొత్తవాళ్లకు పని నేర్పే బాధ్యత చాలాకాలంగా నాదే కాబట్టి నేను చూసింది చెప్తాను.

పని ఎక్కువైందనే అందరూ చెప్పి వెళ్తారు. కాస్త కదిపితే అసలు సంగతి బయటికొస్తుంది: రేపు ఏదైనా జరిగితే నా మెడకే చుట్టుకుంటుందన్న భయం. మా దగ్గర ఒకమ్మాయి ఉండేది. భార్యను కొట్టిన కేసులో ప్రొబేషన్ మీదున్న మనిషి శుక్రవారం సాయంత్రం రావాల్సినవాడు రాలేదు, ఫోన్ ఎత్తలేదు. షరతు తప్పాడని వెంటనే రాసి పైకి పంపాలా, సోమవారం దాకా చూడాలా? చూస్తే ఈలోగా ఆ ఇంట్లో ఏమవుతుందో! అడుగుదామంటే సీట్లలో ఎవరూ లేరు. వారం తిరిగేసరికి రాజీనామా పెట్టేసింది.

ఆ తర్వాత ట్రైనీ చేతిలో ఉన్న ప్రతి రిస్కు కేసుకూ ఒక సీనియర్‌ను జత చేశాం. నోటిమాట సలహా ఇచ్చి తప్పుకుంటే కుదరదు. ఏం నిర్ణయించారో, ఎందుకో ఆ సీనియరే ఫైల్లో రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకంతోనే సగం టెన్షన్ పోయింది.

పంచేటప్పుడు కేసుల సంఖ్య చూసి పంచకండి. చెప్పిన రోజుకు బుద్ధిగా వచ్చి వెళ్లేవాళ్లు పదిమంది ఉన్నా, మత్తు, అప్పులు, ఇంట్లో చిన్నపిల్లలు అన్నీ కలిసిన ఒక్క కేసుకు సమానం కారు. ప్రొబేషన్‌కు ఆద్యుడిగా చెప్పుకునే జాన్ ఆగస్టస్ 1841లో బోస్టన్ కోర్టులో ఒక్క తాగుబోతుకు పూచీ పడి మొదలుపెట్టాడు. మనం మాత్రం కొత్తవాళ్లకు మొదటి నెలలోనే ఫైళ్ల కట్ట చేతిలో పెడతాం.

పెండింగ్ రిపోర్టుల లెక్క అడిగే మీటింగ్‌లోనే బాధితుల వాంగ్మూలాలు చదివాక నీ మనసెలా ఉందని ట్రైనీని అడిగితే ఎవరూ నోరు విప్పరు. ఆ రెండూ వేర్వేరు రోజుల్లో పెట్టండి, వీలైతే వేర్వేరు మనుషులతో. చదువుకు కేటాయించిన రోజున ట్రైనీ ఆఫీస్ ఫోన్ ఇంకొకరి దగ్గర ఉండాలి, లేకపోతే ఆ సెలవు కాగితం మీదే.

జత చేసిన సీనియర్‌కు మాత్రం కేసులు తగ్గించాల్సిందే, అక్కడ బేరం లేదు. మేనేజర్ ఒప్పుకోకపోతే, మానేసిన ట్రైనీల కేసులు ఇప్పుడు ఎవరెవరి నెత్తిన పడ్డాయో ఒక కాగితం మీద రాసి ముందు పెట్టండి. మా మేనేజర్ అది చూశాకే దిగొచ్చారు.